మిల్‌డ్రెడ్ బెయిలీ: కోర్డలేన్ తెగ ఆడబిడ్డ, బిగ్ బ్యాండ్ తొలి గాయని

ఈ ప్రత్యేక సంచికలో కొమురం భీం గురించి, సమ్మక్క సారలమ్మల గురించి, సేవాలాల్ మహరాజ్ గురించి రాసేవాళ్లు ఎలాగూ ఉంటారు. మాకంటే బాగా చెప్పగలిగిన పెద్దలు మన సమాజంలో ఉన్నారు. అందుకని మేము ఈసారి చాలా దూరం వెళ్తున్నాము. అమెరికాలో వాయవ్య మూలన ఇడాహో అనే రాష్ట్రం ఉంది. అక్కడి ఒక గిరిజన తెగలో పెరిగి, ఆ దేశంలోకెల్లా పేరున్న సంగీత బృందాల ముందు నిలబడి పాడిన ఒక ఆడబిడ్డ జీవితం చెప్తాము. ఆమె పేరు మిల్‌డ్రెడ్ బెయిలీ. 1951లో చనిపోయింది. జాజ్ సంగీతం గురించిన ఏ పుస్తకం తీసినా ఆమె పేరు ఉంటుంది. కానీ ఎన్నో ఏళ్లపాటు ఆ పేరు పక్కన తెల్లజాతి గాయని అనే రాశారు.

ఆ ఒక్క మాట కోసమే ఈ వ్యాసం రాస్తున్నాము.

దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్‌కు వచ్చే మన పిల్లలను మేము రోజూ చూస్తూనే ఉన్నాము. ఏ ఊరమ్మా అని ఎవరైనా అడిగితే దేవరకొండ అంటారు, ఉట్నూరు అంటారు, భద్రాచలం అంటారు. తండా పేరు, గూడెం పేరు నోట రాదు. ఫోన్‌లో అమ్మతో మాట్లాడేటప్పుడు వరండా చివరికి వెళ్లి గొంతు తగ్గించి మన భాషలో మాట్లాడతారు. పక్కన వేరే పిల్లలు ఉంటే తెలుగులోకి మారిపోతారు. వాళ్లను తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. గది అద్దెకు ఇచ్చే ముందు మీరెవరు అని అడిగే ఇళ్లు ఈ చుట్టుపక్కల ఎన్ని ఉన్నాయో మాకు తెలుసు. పిల్లలు ఎందుకు చెప్పరో కూడా తెలుసు. మిల్‌డ్రెడ్ విషయం కొంచెం వేరు. ఆమె దాచలేదు, అడిగినవాళ్లకు చెప్పింది. విన్నవాళ్లు రాసుకోలేదు, అంతే.

ముందు బిగ్ బ్యాండ్ అంటే ఏమిటో చెప్పాలి. కొత్తపేట, సరూర్‌నగర్ సందుల్లో పెళ్లి బరాత్ ముందు నడిచే బ్యాండ్ మేళం మీరు చూసే ఉంటారు. ట్రంపెట్లు, క్లారినెట్లు, పెద్ద డ్రమ్ము, చిన్న డ్రమ్ము. బిగ్ బ్యాండ్ కూడా అలాంటి వాద్యాలతోనే ఉంటుంది గానీ నడిచే బ్యాండ్ కాదు, హాల్లో కూర్చుని వాయించే బ్యాండ్. ట్రంపెట్లూ ట్రాంబోన్లూ ఒక వరుస. శాక్సాఫోన్లూ క్లారినెట్లూ ఇంకో వరుస. తాళం పట్టడానికి పియానో, గిటారు, నిలువెత్తు బేస్, డ్రమ్స్. మొత్తం పన్నెండు నుంచి పదిహేడు మంది. ఏ వరుస ఎక్కడ ఏం వాయించాలో ముందే కాగితం మీద రాసి ఉంటుంది. నడుమ ఒక్కొక్కరు లేచి అప్పటికప్పుడు తన మనసుకు తోచింది వాయిస్తారు. అలా తోచింది వాయించడమే జాజ్‌కు ప్రాణం. దానికి పునాది వేసింది ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన నల్లజాతి వాళ్ల సంతానం. 1920ల నుంచి 1940ల నడిమి దాకా అమెరికా అంతా ఈ బ్యాండ్లకే నాట్యం చేసింది. రేడియో పెడితే ఇవే పాటలు.

ఇక తెగ సంగతి. కోర్డలేన్ అన్నది వాళ్లు తమకు పెట్టుకున్న పేరు కాదు. జంతువుల తోళ్లు కొనడానికి వచ్చిన ఫ్రెంచి మాట్లాడే వర్తకులు పెట్టింది. బేరంలో వీళ్లు గట్టివాళ్లని, ఆరె మొనంత గుండె ఉన్నవాళ్లని ఆ మాటకు అర్థం. వాళ్లు తమను తాము స్చీచూఉంష్ అని పిలుచుకుంటారు. ఇందులో మనకు కొత్తేమీ లేదు. గోండులు అని లోకం పిలిచేవాళ్లు తమను కోయితూర్ అనుకుంటారు. లంబాడీలు అని లోకం పిలిచేవాళ్లు ఇంట్లో గోర్ అనుకుంటారు. బయటివాళ్లు పెట్టిన పేరు సర్టిఫికెట్‌లో ఉంటుంది, అసలు పేరు ఇంట్లో ఉంటుంది.

మిల్‌డ్రెడ్ ఇంటి పేరు రింకర్. గత శతాబ్దం తొలి ఏళ్లలో వాషింగ్టన్ రాష్ట్రంలోని టెకోవా అనే చిన్న ఊళ్లో పుట్టింది. అది ఇడాహో సరిహద్దుకు ఆనుకునే ఉంటుంది. ఆమె చిన్నతనం సరిహద్దుకు ఇవతల, కోర్డలేన్ రిజర్వేషన్‌లోని డిస్మెట్ దగ్గర పొలంలో గడిచింది. రిజర్వేషన్ అంటే మనం అనుకునే ఉద్యోగాల రిజర్వేషన్ కాదు. తెగకు మిగిల్చిన భూమి. ఆ మిగిల్చిన భూమిని కూడా 1910 ప్రాంతంలో ముక్కలు చేశారు. తెగవాళ్లు ఒక్కొక్కరికి 160 ఎకరాలు రాసి, మిగిలినదంతా బయటివాళ్లకు తెరిచేశారు. 1/70 చట్టం ఎందుకు వచ్చిందో చదువుకున్న మీకు దీని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. అక్కడ అలాంటి చట్టం అడ్డు లేకపోతే ఏమవుతుందో అదే అయింది.

అమ్మ జోసెఫిన్ కోర్డలేన్ తెగ మనిషి. పియానో బాగా వాయించేది. నాన్న చార్లెస్ స్విస్, ఐరిష్ మూలాలున్న రైతు. ఫిడేలు వాయిస్తూ ఊళ్లో నాట్యాలకు పదాలు పిలిచేవాడు. రాత్రి భోజనాలయ్యాక ఇంట్లో పాటలే. నలుగురు పిల్లలు. మిల్‌డ్రెడ్ తర్వాత ముగ్గురూ తమ్ముళ్లే, ఆ ముగ్గురూ పెద్దయ్యాక సంగీతం దారే పట్టారు. అమ్మ దగ్గర పియానో నేర్చుకున్న మిల్‌డ్రెడ్‌కు తెగ పాటలు కూడా వచ్చు. ఇది ముఖ్యమైన విషయం. పేరు వచ్చిన తర్వాత తన గొంతు ఎలా తయారైందో ఆమె తానే చెప్పుకుంది. తెగ పాటలు పాడాలంటే గొంతు చాలా పైకీ చాలా కిందికీ వెళ్లి రావాలని, పాడే పిల్లకు అంతకు మించిన సాధన లేదని ఆమె అభిప్రాయం. ఏ సంగీత కళాశాల పేరూ ఆమె చెప్పలేదు.

మన తండాల్లో తీజ్ పండుగకు మొలకల బుట్టల చుట్టూ తిరుగుతూ ఆడపిల్లలు పాడే పాటలు విన్నవాళ్లకు ఈ మాట వెంటనే అర్థమవుతుంది. వాద్యం ఉండదు, శృతిపెట్టె ఉండదు. గొంతు ఒక్కటే దారి వెతుక్కుంటుంది.

కుటుంబం తర్వాత స్పోకేన్ పట్నానికి మారింది. మిల్‌డ్రెడ్ ఇంకా టీనేజీలో ఉండగానే అమ్మ జబ్బు చేసి చనిపోయింది. నాన్న మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. సవతి తల్లితో ఇల్లు ఇల్లుగా లేకపోయేసరికి మిల్‌డ్రెడ్ బంధువుల ఇంటికి సియాటిల్ నగరం చేరింది. అక్కడ ఒక పెద్ద దుకాణంలో ఉద్యోగం దొరికింది. ఆ రోజుల్లో పాటలను స్వరాలు అచ్చేసిన కాగితాలుగా అమ్మేవారు. కొనడానికి వచ్చినవాళ్లకు పాట ఎలా ఉంటుందో తెలియాలి కదా. కౌంటర్ దగ్గర నిలబడి పాడి వినిపించడమే మిల్‌డ్రెడ్ పని. రోజంతా కొత్త కొత్త పాటలు, ఎదురుగా బేరగాళ్లు. నచ్చేలా పాడితే కాగితం అమ్ముడవుతుంది, లేకపోతే లేదు. ఇంతకంటే కఠినమైన పరీక్ష ఇంకొకటి ఉంటుందా! మాటలు స్పష్టంగా పలకడం ఆమెకు అక్కడ అలవాటై ఉంటుందని మా ఊహ. ఆమె రికార్డుల్లో ఒక్క అక్షరం మింగినట్టు ఉండదు.

అక్కడే మొదటి పెళ్లి అయింది, బెయిలీ అనే పేరు వచ్చింది. ఆ పెళ్లి నిలవలేదు. పేరు మాత్రం చివరిదాకా ఉంచుకుంది. తర్వాత దక్షిణానికి, కాలిఫోర్నియాకు వెళ్లింది. లాస్ ఏంజిల్స్‌లో క్లబ్బుల్లో, రేడియోలో పాడుతూ నిలదొక్కుకుంది.

1925లో ఆమె తమ్ముడు ఆల్ రింకర్, అతని స్నేహితుడు ఒకడు స్పోకేన్ నుంచి ఒక డొక్కు ఫోర్డు కారులో బయలుదేరి అక్క ఇంటికి వచ్చారు. చేతిలో డబ్బు లేదు, తెలిసినవాళ్లు లేరు. ఉన్నదల్లా అక్క. ఆమె ఇద్దరికీ పడక చూపించింది, తిండి పెట్టింది, సంగీతంలో తనకు తెలిసిన మనుషుల దగ్గరికి పంపింది. ఆ స్నేహితుడి పేరు బింగ్ క్రాస్బీ. తర్వాతి ఇరవై ముప్పై ఏళ్లు అమెరికాలో అతనంత పేరున్న గాయకుడు లేడు. ఊరి నుంచి ముందు వచ్చినవాళ్లు వెనక వచ్చినవాళ్లకు చోటు చూపడం అంటే ఏమిటో ఎల్‌బీ నగర్ చౌరస్తాలో బస్సు దిగిన మీలో చాలామందికి తెలుసు. తనకు దారి చూపింది మిల్‌డ్రెడ్ అని బింగ్ క్రాస్బీ జీవితాంతం చెప్పాడు. చెప్పడమే కాదు, అవసరం వచ్చినప్పుడు చేసి చూపించాడు. అది తర్వాత చెప్తాము.

ఆల్, బింగ్ ఇద్దరూ త్వరలోనే పాల్ వైట్‌మన్ బ్యాండ్‌లో చేరారు. వైట్‌మన్ అప్పట్లో దేశంలోకెల్లా పెద్ద బ్యాండుకు నాయకుడు. అతన్ని జాజ్ రాజు అని పత్రికలు పొగిడేవి. నల్లజాతి వాళ్లు పుట్టించిన సంగీతానికి ఒక తెల్లాయన రాజు కావడం ఏమిటని మీకు అనిపిస్తే సరిగ్గానే అనిపించింది. అయితే అతని చెవి మాత్రం మంచిది. 1929లో ఆ బ్యాండ్ సినిమా తీయడానికి హాలీవుడ్ వచ్చింది. మిల్‌డ్రెడ్ వంటలో దిట్ట. బ్యాండ్ వాళ్లందరినీ ఇంటికి పిలిచి విందు ఇచ్చింది. ఆ విందులో ఆమె చేత పాడించాలని ఆల్, బింగ్ ముందే అనుకున్నారు. ఆమె పాడింది, వైట్‌మన్ విన్నాడు. ఉద్యోగం ఇచ్చేశాడు.

ఇప్పటి పిల్లలకు ఇదేం గొప్ప అనిపించవచ్చు. అప్పటికి ఏ పెద్ద డాన్స్ బ్యాండులోనూ ఆడమనిషి జీతం మీద, రోజూ వేదిక మీద పాడటం లేదు. వాయించేవాళ్లంతా మగవాళ్లే. పాడాల్సి వస్తే వాళ్లలోనే ఒకరు లేచి నిలబడి పాడి మళ్లీ కూర్చునేవారు. ఊరూరా రైళ్లలో తిరుగుతూ, హోటళ్లలో దిగుతూ, పాతికమంది మగవాళ్ల నడుమ ఒక ఆడమనిషి బ్యాండు సభ్యురాలిగా ఉండటం అప్పటికి లేని పద్ధతి. ఆ పని మొదట చేసింది మిల్‌డ్రెడ్ అని సంగీత చరిత్రకారులు చెప్తారు. ఆమె నెగ్గింది కాబట్టి కొన్నేళ్లలో ప్రతి బ్యాండూ ఒక గాయనిని పెట్టుకుంది. 1935లో ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్ చిక్ వెబ్ బ్యాండులో చేరింది. 1937లో బిల్లీ హాలిడే కౌంట్ బేసీ బ్యాండులో చేరింది. వీళ్లిద్దరూ నల్లజాతి ఆడబిడ్డలు, జాజ్ పాటకు శిఖరాల లాంటివాళ్లు. వాళ్లు నడిచిన తలుపు ముందుగా తోసింది ఒక గిరిజన స్త్రీ.

మరి ఆ గొంతులో ఏముంది? మనిషి భారీ విగ్రహం, గొంతు మాత్రం సన్నం. చిన్నపిల్ల గొంతులా తేలికగా, పైస్థాయిలో ఉంటుంది. అంతకు పదేళ్ల ముందైతే ఆ గొంతు ట్రంపెట్ల మోతలో వినపడేదే కాదు. 1925లో రికార్డింగుకు విద్యుత్ మైకు వచ్చింది. ఇక అరవాల్సిన పని లేకపోయింది. మైకు దగ్గర నిలబడి మామూలుగా మాట్లాడినట్టు పాడవచ్చని తొలిసారి చూపించిన కొద్దిమందిలో మిల్‌డ్రెడ్ ఒకరు. ఇంకో విషయం తాళం. ఆమె ప్రతి దెబ్బ మీదా మాటను పెట్టదు. తాళం ముందు వెళ్తుంటే ఒక క్షణం వెనకాల, ఏమీ తొందర లేనట్టు, మాటను తెచ్చి పెడుతుంది. రాసిన స్వరాన్ని అక్కడక్కడా కొంచెం మారుస్తుంది. ట్రంపెట్ వాయించేవాడు చేసే పని గొంతుతో చేయడం ఇది. బెస్సీ స్మిత్, ఎథెల్ వాటర్స్ వంటి నల్లజాతి గాయనుల రికార్డులు విని ఆమె చాలా నేర్చుకుంది. ఆ నేర్చుకున్నది, చిన్ననాటి తెగ పాటల సాధన, కౌంటర్ దగ్గర పలికిన స్పష్టమైన మాట, ఈ మూడూ కలిస్తే మిల్‌డ్రెడ్.

వైట్‌మన్ దగ్గర ఉన్నప్పుడే 1931 చివర్లో ఆల్ ఆఫ్ మీ అనే పాట రికార్డు చేసింది. అది దేశమంతా మోగింది. హోగీ కార్మైకేల్ రాసిన రాకిన్ చెయిర్ అనే పాట ఆమెకు ఇంటిపేరులా అయిపోయింది. ఊగే కుర్చీలోంచి లేవలేని ముసలితనం గురించిన పాట అది. ఆమెను రాకిన్ చెయిర్ లేడీ అనేవారు. 1932లో జీతం దగ్గర తగాదా వచ్చి వైట్‌మన్‌ను వదిలేసింది. తన విలువ తనకు తెలిసిన మనిషి.

1933లో రెడ్ నార్వోను పెళ్లి చేసుకుంది. అతను జైలోఫోన్ వాయిస్తాడు. చెక్క పలకలను పుల్లలతో కొట్టే వాద్యం అది. మెత్తని నాదం. 1936 నుంచి 1939 దాకా భార్యాభర్తలిద్దరూ సొంత బ్యాండు నడిపారు. మిగతా బ్యాండ్లు గట్టిగా మోగడంలో పోటీ పడుతుంటే వీళ్లది మాత్రం గుసగుసలాంటి బ్యాండు. పాటకు వరుసలు కూర్చింది ఎడ్డీ సాటర్ అనే కుర్రవాడు. మిల్‌డ్రెడ్ సన్నని గొంతు చుట్టూ వాద్యాలు ఎక్కడ తగ్గాలో, ఎక్కడ ఆగాలో అతనికి తెలుసు. 1938లో ప్లీజ్ బీ కైండ్, సేస్ మై హార్ట్ అనే రెండు పాటలు దేశంలో మొదటి స్థానానికి చేరాయి. పత్రికలు ఈ జంటకు మిస్టర్ అండ్ మిసెస్ స్వింగ్ అని పేరు పెట్టాయి. పెళ్లి తర్వాత విడాకులతో ముగిసింది, స్నేహం మిగిలింది.

మాకు అన్నిటికంటే ఇష్టమైనది 1935 డిసెంబరులో చేసిన నాలుగు పాటలు. జాన్ హామండ్ అనే నిర్మాత చేయించాడు. పియానో టెడ్డీ విల్సన్, శాక్సాఫోన్ జానీ హాడ్జెస్, బేస్ గ్రాషన్ మంకర్. ముగ్గురూ నల్లజాతివాళ్లు. ట్రంపెట్ బనీ బెరిగన్, తెల్లజాతివాడు. నడుమ కోర్డలేన్ ఆడబిడ్డ. డ్రమ్స్ లేనే లేవు. అప్పట్లో వేదికల మీద నల్లవాళ్లనూ తెల్లవాళ్లనూ కలిసి కూర్చోనిచ్చేవారు కాదు. ఒకే హోటల్లో దిగనిచ్చేవారు కాదు. రికార్డింగు గదికి కిటికీలు లేవు కాబట్టి అక్కడ కుదిరింది. 1944లో ఆమెకు సీబీఎస్ రేడియోలో సొంత కార్యక్రమం వచ్చినప్పుడు కూడా టెడ్డీ విల్సన్ వంటి నల్లజాతి కళాకారులు అందులో ఉన్నారు.

మిల్‌డ్రెడ్ ఒక్కతే కాదు. ఇక్కడ ఇంకో ఇద్దరి సంగతి చెప్పకుండా ముందుకు వెళ్లలేము, ముఖ్యంగా హాస్టల్ నడిపే మేము. అమెరికా ప్రభుత్వం గిరిజన పిల్లల కోసం 1879లో పెన్సిల్వేనియాలో కార్లైల్ అనే చోట గురుకులం పెట్టింది. తర్వాత అలాంటివి చాలా వచ్చాయి. పిల్లలను ఇళ్ల నుంచి వందల మైళ్లు తీసుకెళ్లి, జుట్టు కత్తిరించి, పేర్లు మార్చి, సొంత భాష మాట్లాడితే శిక్షించేవారు. అవే బడుల్లో బ్యాండు కూడా ఉండేది. పిల్లలకు యూనిఫాం వేసి, కొమ్ము వాద్యాలు చేతికిచ్చి కవాతు చేయించేవారు. 1883లో న్యూయార్క్‌లో బ్రూక్లిన్ వంతెన ప్రారంభించినప్పుడు కార్లైల్ పిల్లల బ్యాండు వాయించింది. పాట లాక్కున్న బడే బాకా ఇచ్చిందన్నమాట. ఆ బాకాతో పిల్లలు ఏం చేస్తారో బడివాళ్లు ఊహించలేదు.

అరిజోనాలోని గిలా నది రిజర్వేషన్‌లో 1912లో పుట్టిన రసెల్ మూర్ పీమా తెగవాడు. మేనమామ కాడో బాబాయో, మొత్తానికి ఇంటి పెద్ద ఒకాయన సంగీతం నేర్పాడు. తర్వాత కాలిఫోర్నియాలోని షెర్మన్ ఇన్‌స్టిట్యూట్ అనే గిరిజన గురుకులంలో చదివాడు. ట్రాంబోన్ పట్టుకుని బయటికి వచ్చి లయొనెల్ హాంప్టన్ దగ్గర, ఆపైన న్యూ ఆర్లీన్స్‌లో వాయించాడు. 1944 నుంచి 1947 దాకా లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ బిగ్ బ్యాండులో ఉన్నాడు. 1964లో మళ్లీ ఆర్మ్‌స్ట్రాంగే పిలిచాడు. అందరూ అతన్ని బిగ్ చీఫ్ అనే పిలిచేవారు. ఆ పిలుపులో ప్రేమ ఎంతో వేళాకోళం ఎంతో మీరే అంచనా వేసుకోండి. మన పిల్లలకు కూడా కాలేజీలో అలాంటి పేర్లు తగులుతూనే ఉంటాయి. ఇంకొకరు ఆస్కార్ పెటిఫర్డ్. 1922లో ఓక్లహోమాలో పుట్టాడు. అమ్మ చోక్టా తెగ, నాన్న వైపు నల్లజాతి. ఇంటిల్లిపాదీ కలిసి ఒక బ్యాండుగా ఊళ్లు తిరిగిన కుటుంబం. 1945 నుంచి డ్యూక్ ఎలింగ్టన్ బ్యాండులో బేస్ వాయించాడు. వెనకాల తాళం పట్టే బేస్‌ను ముందుకొచ్చి పాట పాడే వాద్యంగా మార్చిన వాళ్లలో అతనొకడు. 1960లో 37 ఏళ్లకే పోయాడు.

మళ్లీ మిల్‌డ్రెడ్ దగ్గరికి వద్దాము. మనిషి మంచిదే గానీ నోరు పదును. కోపం వస్తే ఎదుట ఎవరున్నారో చూసేది కాదు. చల్లబడితే వంట చేసి పెట్టేది. ఆమె లావు గురించి రాయని విలేకరులు తక్కువ. పాట గురించి రెండు ముక్కలు, ఒళ్లు గురించి నాలుగు ముక్కలు. ఇది చదివినప్పుడు మా హాస్టల్ ఆడపిల్లలే మాకు గుర్తొచ్చారు. రంగు గురించి, ఒళ్లు గురించి ఎవరో ఒక మాట అంటే మూడు రోజులు అన్నం సరిగా తినరు. మిల్‌డ్రెడ్‌కు కూడా ఆ మాటలు తగిలాయి. నవ్వి ఊరుకునే స్వభావం కాదు ఆమెది. చూడటానికి నాజూకుగా ఉండే కొత్త గాయనులకు అవకాశాలు వెళ్తుంటే ఆమెకు తెలుస్తూనే ఉండేది. పాడగలిగిన వాళ్లలో ఆమెను మించిన వాళ్లు లేరని తోటి సంగీతకారులు ఒప్పుకునేవారు. ఒప్పుకోలుతో అద్దె గడవదు.

షుగర్ జబ్బు ఆమెను చాలా ఏళ్లు పీడించింది. 1940ల చివరికి ఆరోగ్యం బాగా చెడింది. న్యూయార్క్ నగరానికి ఉత్తరాన పొకీప్సీ దగ్గర చిన్న పొలం, కుక్కలు, అదే ఆమె ఆస్తి. 1949లో ఆసుపత్రిలో చేరేనాటికి చేతిలో డబ్బు లేదు. ఆ సంగతి తెలిసి బింగ్ క్రాస్బీ, మరో గాయకుడు ఫ్రాంక్ సినాత్రా, పాటల స్వరకర్త జిమ్మీ వాన్ హ్యూసెన్ కలిసి ఆసుపత్రి ఖర్చు కట్టారు. పాతికేళ్ల కిందట డొక్కు కారులో వచ్చి అక్క ఇంట్లో అన్నం తిన్న కుర్రాడు బాకీ తీర్చుకున్నాడు. ఆమె కోలుకుని మళ్లీ కొన్నాళ్లు పాడింది. 1951 డిసెంబరు 12న పొకీప్సీలో చనిపోయింది.

1994లో అమెరికా తపాలా శాఖ జాజ్, బ్లూస్ గాయకుల పేరిట ఎనిమిది స్టాంపులు తెచ్చింది. బెస్సీ స్మిత్, బిల్లీ హాలిడేలతో పాటు మిల్‌డ్రెడ్ బొమ్మ కూడా అందులో ఉంది, 29 సెంట్ల స్టాంపు. అయినా పుస్తకాల్లో ఆమె తెల్ల గాయనే. రికార్డు మాత్రమే విన్న శ్రోతల్లో కొందరు ఆమెను నల్లజాతి అమ్మాయి అనుకునేవారట. తెలుపు, నలుపు అని రెండే గడులు ఉన్న చోట మూడో మనిషికి గడి లేకపోయింది. మన పిల్లల ఫారాల్లో ఇతరములు అని ఒక గడి ఉంటుంది చూడండి, అక్కడ అదీ లేదు.

2012లో కోర్డలేన్ తెగ తానే పూనుకుంది. ఇడాహో శాసనసభలో ఒక తీర్మానం పెట్టించింది. మిల్‌డ్రెడ్ బెయిలీ తమ తెగ బిడ్డ అని అధికారికంగా గుర్తించాలని, న్యూయార్క్‌లోని లింకన్ సెంటర్ జాజ్ ప్రముఖుల జాబితాలో ఆమెను చేర్చాలని అందులో కోరింది. ఆమె చనిపోయి అప్పటికి అరవై ఏళ్లు దాటింది. ఆమె గురించి ఇప్పుడు రాసేవాళ్లు తెల్ల గాయని అని తేలిగ్గా రాయలేరు. తెగ పేరు రాయాల్సిందే.

ఆమె పాటలు ఇప్పుడు ఫోన్‌లోనే దొరుకుతాయి. ముందు 1935 నాటి ఆ నాలుగు పాటలు వినండి: విల్లో ట్రీ, హనీసకిల్ రోజ్, స్క్వీజ్ మీ, డౌన్‌హార్టెడ్ బ్లూస్. పాత రికార్డులు కాబట్టి ఒక్కొక్కటి మూడు నిమిషాల చిల్లరే. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి ఎల్‌బీ నగర్‌లో దిగేలోపు రెండు వినవచ్చు. మొదటిసారి మాటలు పట్టించుకోకండి. తాళం ఎక్కడ పడుతోందో, ఆమె మాట ఎక్కడ పడుతోందో మాత్రం చూడండి.